ఊళ్ళో పెద్దోళ్ళనీ పిలకాయల్నీ ఒకచోట కూర్చోబెట్టేది ఎట్టా? శాలువాలు కాకుండా ఏదన్నా చెప్పండి

పెన్నగట్టు_పిలగాడు:

అందరికీ నమస్తే. మాది కోవూరు పక్కన పల్లె. నేను నెల్లూరులో ప్రైవేటు జాబ్, రోజూ బండి మీద పోయొస్తుంటా, ఆదివారం మటుకు ఊళ్ళోనే ఉంటా. సంగతేందంటే సాయంత్రం అయితే మా రామాలయం అరుగు మీద ఏడెనిమిది మంది పెద్దోళ్ళు కూర్చోనుంటారు, ఎదురుగా వాటర్ ట్యాంకు దిమ్మె మీద పిలకాయలు ఫోన్లు పట్టుకోని కూర్చోనుంటారు, మధ్యలో సిమెంటు రోడ్డు ఒక ట్రాక్టరు పట్టేంత, అంతే. కానీ ఆ పక్కోళ్ళు ఈ పక్కోళ్ళతో మాట్లాడింది నేనైతే చూళ్ళేదు. "రేయ్ ఆ సౌండు తగ్గించండ్రా" అనే ఒక్కటే ఆ రోడ్డు దాటే మాట. వీళ్ళు తగ్గిస్తారు, రెండు నిమిషాలకి మళ్ళా పెంచేస్తారు.

మాదొక యూత్ గ్రూపు ఉండాది, చవితికి బొమ్మ పెడతాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ, అంతకుమించి ఏం లేదు. ఈసారి చవితి చందాలో కొంచెం డబ్బు మిగిలింది. దాంతో ఏం చేద్దాం అంటే మావాడొకడు అక్టోబర్ 1 వృద్ధుల దినోత్సవం కదా, అందరికీ శాలువాలు కప్పుదాం అన్నాడు. నాకు మనసొప్పలా. ఆ సన్మానాలు మీరూ చూసుంటారు కదా, ముసలోళ్ళని పొద్దున తొమ్మిదికే తెచ్చి షామియానా కింద కూర్చోబెడతారు, లీడర్ పదకొండున్నరకి వస్తాడు, శాలువా, రెండు అరటిపళ్ళు, ఫోటో, మళ్ళా ఏడాది దాకా వాళ్ళని పలకరించేవాడు ఉండడు. ఒక్క పూట దేవుళ్ళని చేసి మూడొందల అరవై నాలుగు రోజులు గోడకి తగిలించినట్టు.

నేననుకుండేది వారానికోసారి, గంటో గంటన్నరో, రెండు పక్కలోళ్ళూ కలిసి చేసే పని ఏదన్నా. వామనగుంటలు, పులిజూదం లాంటి ఆటలా, ఫోన్ నేర్పడమా, చెక్కభజనా, తెలీడంలేదు. నా భయం అంతా ఏందంటే మొదటి వారం మొహమాటానికి వస్తారు, రెండో వారం పిలకాయలు ఎగ్గొడతారు, మూడో వారం నేనూ మా అరుగు తాతలే మిగుల్తాం. మీ ఊళ్ళల్లో ఎవరన్నా ఇట్టాంటిది చేసుంటే ఏది నడిచింది, ఏది నడవలా, కొంచెం వివరంగా చెప్పండి. ఉత్త "మంచి ఆలోచన బ్రదర్" అని పెట్టబాకండి, దండం పెడతా.

కావలి_అయ్యోరు:

బాబూ, మంచి ఆలోచన (తిట్టుకోకు, ఇంకా చెప్తున్నా). నేను రిటైర్డ్ టీచర్ని. మన నెల్లూరు జిల్లాలో ఈ పని ఒకసారి చాలా పెద్ద ఎత్తున జరిగింది, నీ వయసోళ్ళకి తెలిసుండదు. 1991లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు ఇంటర్ చదివే పిల్లలు, డిగ్రీ ఫెయిలై ఇంట్లో ఉన్న పిల్లలు రాత్రిపూట వాడల్లోకి పోయి వాళ్ళ అమ్మలకీ అవ్వలకీ అక్షరాలు చెప్పారు. కూలికి పోయొచ్చి, అన్నం వండి, పిల్లల్ని పడుకోబెట్టి అప్పుడు పలక పట్టుకోని వచ్చేవాళ్ళు ఆడవాళ్ళు. కరెంటు లేకపోతే లాంతరు. నేను అప్పుడు కుర్ర టీచర్ని, నాలుగూళ్ళ సెంటర్లు చూసేవాణ్ణి.

ఆ పిల్లకాయలు చెప్పిన "అ ఆ"లు ఎన్ని నిలిచినాయో నేను లెక్క చెప్పను. కానీ వాచకంలో సారా గురించి పాఠం ఉండేది, దాని దగ్గరకి వచ్చేసరికి పలకలు పక్కన పడేవి. ఎవరి మొగుడు ఎంత తాగుతున్నాడు, కూలి డబ్బులు ఎటు పోతున్నాయి, అదే మాట. చెప్పే పిల్లోడు నోరు మూసుకోని వినేవాడు, ఎందుకంటే వాళ్ళ నాయన సంగతి కూడా అందులోనే ఉండేది. దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించింది అట్లాంటి కూడికల్లోంచే. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. (నీ వృద్ధుల దినోత్సవం తేదీనే, చూడు.)

ఇదంతా ఎందుకు చెప్పానంటే ఆ కూడిక నిలబడింది అక్షరాల వల్ల కాదు, వచ్చినవాళ్ళకి అక్కడ మాట్లాడాల్సిన సొంత సంగతి ఒకటి ఉండబట్టి. నువ్వు ఇంట్లో కూర్చోని ఆట ఏది, పాట ఏది అని లిస్టు రాసుకోబాక. ముందు ఆ అరుగు మీద పోయి కూర్చో. వాళ్ళకి ఏ పని ఆగిపోయుందో అడుగు. మాకైతే ఏటా లైఫ్ సర్టిఫికెట్ గొడవ, పెన్షన్ ఆగకుండా మేమింకా బతికే ఉన్నామని చూపించాల. ఇప్పుడు ఫోన్లో మొహం చూపిస్తే జీవన్ ప్రమాణ్ (అదే సర్టిఫికెట్, ఆన్‌లైన్లో) అయిపోతుంది. నాకు మా మనవడు చేసిపెట్టాడు, కళ్ళు ఆర్పమంటే ఆర్పాను, అంతే. మా వీధిలో ఇంకో పెద్దాయన బ్యాంకు మెట్లెక్కి దిగి నానా అవస్థ పడ్డాడు, మనవలు ఇద్దరున్నారు ఇంట్లో, అడగడానికి మొహమాటం.

కనిగిరి_బేల్దారి:

మాస్టారు చెప్పింది బాగుంది. నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమనుకోమాకండి.

అన్నా, మీది కాలవ కింద ఊరు. మాది మెట్ట. మా పక్క సగం ఇళ్ళల్లో అమ్మా నాన్నా బేల్దారి పనులకి బెంగుళూరో హైదరాబాదో పోతారు, పిల్లకాయలు అవ్వా తాత దగ్గరే పెరుగుతారు. నేనూ అట్టా పెరిగినోణ్ణే, ఇప్పుడు నేనూ బెంగుళూర్లో సైట్ మీదే ఉన్నా, నా కొడుకు మా అమ్మ దగ్గర ఉన్నాడు. కాబట్టి "పెద్దోళ్ళకి పిల్లల తోడు లేదు" అనే మాట మా ఊళ్ళో చెల్లదు. మా అమ్మకి తోడు ఎక్కువైపోయింది, అసలు. పొద్దున్నే లేచి వాడికి అన్నం పెట్టి బడికి తోలి, మేకల్ని చూసుకోని, సాయంత్రం మళ్ళీ వాడి వెంట పడి... ఆమెకి ఇంకో పిల్లోణ్ణి తీసుకొచ్చి "రా అవ్వా కథ చెప్పు" అంటే చీపురు తీసుద్ది.

అట్టాంటి ఊళ్ళో కావాల్సింది వేరే. ఇంటర్ పిల్లలు సాయంత్రం గంటసేపు ఈ చిన్నోళ్ళ హోంవర్కు చూస్తే ఆ గంట అవ్వలకి ఖాళీ దొరుకుద్ది. ఆ ఖాళీలో వాళ్ళే వచ్చి పక్కన కూర్చుంటారు, మా బడి దగ్గర అట్టానే జరిగింది, ఎవరూ పిలవలా.

రెండోది. మా కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తెలుసు కదా. అరవై దాటినోళ్ళకి మోకాళ్ళు వంగవు, నడుము లేవదు. కింద చాప వేసి వామనగుంటలు ఆడమంటే ఎట్టా కూర్చుంటారు? ఆడాలని ఉంటుంది, కూర్చోలేక "మాకెందుకులే" అంటారు, మనం ఇంట్రెస్ట్ లేదనుకుంటాం. గుంటల పీట టేబుల్ మీద పెట్టు, చేతులున్న కుర్చీలు వెయ్యి, పైకి లేచేటప్పుడు పట్టుకోడానికి. మెట్లు లేని చోటు చూడు, పక్కన బాత్రూం ఉండాల. చందా డబ్బు మిగిలిందన్నావు కదా, శాలువాలకి బదులు నాలుగు కుర్చీలు కొను, చాలు.

ఇంకోటి చిన్న పని, బాగా పనికొచ్చింది. ఎనిమిది, తొమ్మిది చదివే ఆడపిల్లల చేత మాత్రల అట్టల మీద స్కెచ్ పెన్నుతో పొద్దున వేసుకునేదానికి సూర్యుడు, రాత్రిదానికి చందమామ గీయించాం. మందుల చీటీలో రాసింది నర్సమ్మ చదివి చెప్పాల, పిల్లలు గీయాల, ఆ పద్ధతి. సొంతంగా పిల్లల చేత ఊహించి గీయించమాకండి, బీపీ మాత్ర షుగర్ మాత్ర తారుమారైతే పెద్ద గొడవ. ఒకామె అంటది "నా చందమామకి కళ్ళు పెట్టలేదేమే, రాజమ్మకి పెట్టావు" అని. మళ్ళీ వారం ఆ పిల్లని పేరు పెట్టి పిలిచింది.

జొన్నవాడ_కోడలు:

నేను ఒక్కటడగతా తమ్ముడూ. నువ్వు రాసిన అరుగు మీద ఆ ఏడెనిమిది మందీ మొగోళ్ళే కదా? నువ్వు రాయలేదు గానీ మాకు తెలుసు. మా ఊళ్ళో కూడా అంతే. మా అత్తమ్మ డెబ్భై ఏళ్ళ మనిషి, ఆ అరుగు మీద ఒక్క రోజు కూర్చోలేదు, ఇప్పుడు కొత్తగా రమ్మంటే వస్తదా? కాలనీ వాళ్ళు వస్తారా, చెప్పు. రామాలయం కాడ పెడితే సగం ఊరు రాదు, వచ్చినోళ్ళు కూడా ఎక్కడ కూర్చోవాలో చూసుకోని కూర్చుంటారు. బడి వరండాలో పెట్టు, అది అందరిదీ. హెడ్మాస్టరుని అడిగితే ఆదివారం తాళం ఇస్తారు, ఇయ్యకపోతే సర్పంచి చేత అడిగించు.

ఇంక ఏది నడుస్తదంటే నేను చూసింది చెప్తా. మా పాప ఎనిమిదో తరగతి. వాళ్ళ సైన్స్ మేడం ఇంట్లో అవ్వ చేసే కూర ఒకటి కొలతలతో సహా రాసుకు రమ్మనింది. మా అత్తమ్మ ఇంకేం చెప్తది, చేపల పులుసే. "నిమ్మకాయంత చింతపండు" అనింది. ఎన్ని గ్రాములు అవ్వా అంటే "నిమ్మకాయంతేనే, మళ్ళా గ్రాములేంది" అనింది. ఈ పిల్ల ఊరుకుంటదా, కొట్టు కాడికి పోయి చిన్న ఎలక్ట్రానిక్ కాటా అడుక్కోనొచ్చింది. అత్తమ్మ చింతపండు తీసి దాని మీద పెడితే 60 చూపించింది. అప్పుడే మజ్జిగ కోసమొచ్చిన పక్కింటి పెద్దమ్మ "అది నిమ్మకాయా, బత్తాయా?" అని తను ఇంకో ముద్ద తీసి పెట్టింది, 35. "నీది నిమ్మకాయ కాదులే, రేగ్గాయ" అని మా అత్తమ్మ. ఇంకేముంది, మెంతులు ఎన్ని, మామిడికాయ ముక్కలు ముందా చేపలు ముందా, అన్నీ కాటా మీదికొచ్చినాయి, వీధిలో ఇంకో ముగ్గురు చేరినారు. మొన్న కంటి ఆపరేషన్ అయినప్పట్నుంచి మాట తగ్గించేసిన మనిషి మా అత్తమ్మ, ఆ రోజు గొంతు రోడ్డు మీదికి వినపడింది.

చేప ముక్కలేసినాక పాప గరిటె తీసుకుంటే చేతి మీద ఒకటిచ్చింది. గరిటె పెడితే ముక్క చితికిపోద్దంట, చట్టి రెండు పక్కలా గుడ్డతో పట్టుకోని తిప్పాలంట. పిల్ల తిప్పబోతే చట్టి బరువు, అవ్వ చేతులు కింద, పిల్ల చేతులు పైన పెట్టి తిప్పినారు. పులుసు మరుసటి రోజు తింటేనే బాగుంటదని కూడా పాప నోట్సులో రాసింది, మేడం టిక్కు పెట్టింది.

ఇక్కడ ఎవరూ ఎవరికీ సేవ చెయ్యలేదు, గమనించు. అవ్వకి కొలత తెలుసు గానీ అంకె తెలీదు, పిల్లకి అంకె తెలుసు గానీ కొలత తెలీదు.

ఒక జాగ్రత్త మటుకు. ఆడపిల్లలు వచ్చే పనైతే ఎవరింట్లోనూ పెట్టబాకండి, బయట నలుగురికీ కనపడే చోట, చీకటి పడకముందే అయిపోవాల, ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఉండాల. అమ్మానాన్నకి ముందే చెప్పాల. ఇది అనుమానం కాదు, ఇట్టా పెడితేనే అమ్మలు పంపిస్తారు.

సెకండియర్_బ్యాచ్:

అన్నా నేను ఆ ట్యాంకు దిమ్మె మీద కూర్చునే బ్యాచ్ (మా ఊరు వేరే, దిమ్మె సేమ్ 😀). మా సైడు నుంచి కూడా ఒకటి వినండి. మేము తాతల కాడికి ఎందుకు పోమంటే పోయిన వెంటనే ఇంటర్వ్యూ మొదలవుద్ది. ఏం చదువుతుండావు, బ్యాక్‌లాగ్స్ ఎన్ని, ఫలానావాడి కొడుక్కి జాబ్ వచ్చిందంట నీకెప్పుడు, ఆ జుట్టేందిరా. అయిదు నిమిషాల్లో మూడ్ ఆఫ్. దానికి తోడు "మా కాలంలో" అని స్టార్ట్ అయితే ఆపేవాడు ఉండడు. కాబట్టి మొదటి రోజే రెండు పక్కలా ఒక రూల్ పెట్టు, చదువు మార్కులు పెళ్ళి జుట్టు ఈ నాలుగూ అడగరాదు, మేము ఫోన్ జేబులో పెట్టుకుంటాం. అడిగితే టీ ఖర్చు వాళ్ళది. మా కాలేజీ ఎన్ఎస్ఎస్ క్యాంపులో ఒక తాతతో ఇట్టా సరదాగా పెట్టుకున్నాం, ఆయన టీలు పోసీ పోసీ చివరికి వేరే కబుర్లు మొదలుపెట్టాడు, ఎద్దుల పందేల కబుర్లు, అబ్బా ఏం చెప్పాడు అసలు.

ఎన్ఎస్ఎస్ అంటే గుర్తొచ్చింది, ఏడాదికి 120 గంటలు చెయ్యాల మేము, ఎక్కువ భాగం రోడ్లు ఊడవడం, మొక్కలు నాటడం, ర్యాలీలు. మీ ఊరి దగ్గర కాలేజీ ప్రోగ్రాం ఆఫీసర్‌ని కలిసి ఈ ఆదివారం గంటలు లెక్కలో వేస్తారేమో కనుక్కో, వేస్తే ఎగ్గొట్టేవాళ్ళు కూడా ఎగ్గొట్టరు, ఓపెన్‌గా చెప్తుండా.

ఫోన్ నేర్పే పని పెడితే ఒకటి గట్టిగా చెప్పు. పిన్ పెద్దోళ్ళే నొక్కాల, మేము అటు తిరిగి నిలబడాల, ఓటీపీ మాకు కూడా చెప్పకూడదు. "నువ్వే నొక్కునాయనా" అంటారు, నొక్కద్దు. రేపు అకౌంట్లో పదిరూపాయలు తేడా వస్తే ఆ పిల్లోడి పేరే బయటికొస్తది. మోసం జరిగితే 1930కి ఫోన్ చెయ్యాలని ఫస్ట్ క్లాసులోనే నేర్పించు, ఆ నెంబర్ సేవ్ చేసి పెట్టు.

పెన్నగట్టు_పిలగాడు:

అక్కా, అరుగు మీద అందరూ మొగోళ్ళే, నిజమే, నేను రాసేటప్పుడు కూడా తట్టలా. బడి వరండా అడగతా. కుర్చీల మాట మావాళ్ళకి చెప్తే శాలువా బ్యాచ్ కూడా ఒప్పుకునింది. ఇంతకీ బయట ఎక్కడన్నా దీన్ని పద్ధతిగా చేసినోళ్ళు ఉండారా? మా సర్పంచి "ఎక్కడన్నా సక్సెస్ అయిందా" అని అడుగుతాడు, ఆయనకి అదొక అలవాటు.

లైబ్రరీ_పురుగు_ఒంగోలు:

సర్పంచికి చెప్పడానికి కొన్ని రాస్తున్నా. మహారాష్ట్రలో ఠాణే జిల్లా ఫాంగణే అనే ఊళ్ళో 2016 మహిళా దినోత్సవం రోజు అవ్వల బడి పెట్టారు, అరవై నుంచి తొంభై ఏళ్ళ ఆడవాళ్ళు గులాబీ రంగు చీర యూనిఫాం కట్టుకోని పలకల సంచి వేసుకోని మధ్యాహ్నం బడికి పోతారు, ఇంట్లో మనవళ్ళు హోంవర్కు చేయిస్తారు. ఇది చెప్తే సర్పంచి ఫ్లాట్, చూసుకో. నెదర్లాండ్స్‌లో దేవెంతర్ అనే ఊళ్ళో ఒక వృద్ధాశ్రమం కాలేజీ పిల్లలకి అద్దె లేకుండా గది ఇస్తది, బదులుగా నెలకి 30 గంటలు అక్కడి పెద్దోళ్ళతో మంచి పొరుగువాళ్ళలాగా గడపాల. అమెరికాలో బాల్టిమోర్‌లో అరవై దాటినోళ్ళని వారానికి 15 గంటలు సర్కారు బళ్ళల్లో చిన్న తరగతులకి పంపించారు, చదివించడానికి. అందులో నాకు నచ్చింది, బడికి ఒక్కరిని కాకుండా జట్టుగా పంపడం. ఒక్కరే పోతే నాలుగు రోజులకి మానేస్తారు, జట్టుగా పోతే వాళ్ళలో వాళ్ళకి కూడా సావాసం దొరుకుద్ది. మన దగ్గర కూడా విద్యాంజలి అని కేంద్రం వాళ్ళ పోర్టల్ ఉంది, రిటైరైనోళ్ళు సర్కారు బడికి వాలంటీర్‌గా పేరు ఇచ్చుకోవచ్చు. మాస్టారు లాంటి వాళ్ళకి అది సరిపోద్ది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వయసు వివక్ష మీద రిపోర్టు ఇచ్చింది. ఆ వివక్ష తగ్గడానికి పనిచేసేవి మూడన్నారు: చట్టాలు, చదువులో చెప్పడం, తరాలు కలిసి పనిచేసేలా చూడటం. ఈ మూడోదే నువ్వు అడుగుతున్నది. అయితే నా అభిప్రాయం ఒకటి: దేవెంతర్ పద్ధతి తీసుకొచ్చి కోవూరులో పెడితే నవ్వుతారు. మన దగ్గర ముసలోళ్ళు ఆశ్రమంలో లేరు, ఇంట్లోనే ఉండి ఒంటరిగా ఉన్నారు, అది వేరే జబ్బు.

ఇంకోటి, ఇట్టా వారం వారం కూర్చుంటే కొన్ని సంగతులు బయటపడతాయి, ఒకామెకి కొడుకు అన్నం పెట్టట్లేదనో, పెన్షన్ డబ్బు కోడలు లాక్కుంటుందనో. పిల్లల చేత పంచాయితీలు చేయించొద్దు. 14567 అని పెద్దోళ్ళ హెల్ప్‌లైన్ ఉంది, ఉచితం, దానికి పెద్దవాళ్ళు ఎవరన్నా ఫోన్ చెయ్యండి.

పెన్నగట్టు_పిలగాడు:

అయ్యోరు చెప్పినట్టే నిన్న సాయంత్రం పోయి అరుగు మీద కూర్చున్నా. ఏం అడగాలో తెలీక 2021 నవంబరు వరద మాట తీశా, పెన్న పొంగి పడుగుపాడు కాడ రైలు కట్ట కొట్టుకుపోయిందే అప్పటిది. అంతే, ఇంక నేను మాట్లాడే పని లేకపోయింది. ఏ కయ్యలో (పొలం మడిలో) నీళ్ళు ఎంత దాకా వచ్చినాయి, అంతకుముందు వరదల్లో ఎందాకా వచ్చినాయి, ఇద్దరు తాతలకి మాట మాట పెరిగి గట్టు మీదికి పోయి చూపిస్తాం పదండి అన్నారు. వాళ్ళు చెప్తుండే పేర్లు నాకు సగం తెలీవు. దిబ్బకయ్య, మడుగు కయ్య, జువ్విమాను కయ్య, ప్రతి దానికీ ఒక పేరుండాది. జువ్విమాను ఏది తాతా అంటే ఎప్పుడో కొట్టేశారంట. భూముల రీసర్వే అయినాక ఇప్పుడు అన్నీ ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నెంబర్లే, మా నాన్నకి కూడా ఈ పేర్లు అన్నీ రావు. ట్యాంకు మీద పిలకాయల్లో ముగ్గురు లేచొచ్చి విన్నారు, ఒకడు గూగుల్ మ్యాప్ తీసి "ఇదేనా తాతా, ఇదేనా" అని చూపిస్తుండాడు, తాతకి పైనుంచి చూస్తే అర్థం కావడంలా, "బోరు ఏ పక్కన ఉండాది చూపించు, అప్పుడు చెప్తా" అంటాడు.

కాబట్టి మొదటి ఆదివారం ఇదే పని పెట్టుకున్నాం, పొద్దున ఎండెక్కకముందు ఆటోలో గట్టు వెంబడి పోయి కయ్యల పేర్లు, వరద గుర్తులు మ్యాప్‌లో పెట్టేది. కలుపుకీ నాట్లకీ ఆ కయ్యల్లోనే బతికిన ఆడవాళ్ళకి మొగోళ్ళకంటే ఎక్కువ పేర్లు తెలుసునంట, మా అమ్మ చెప్పింది, అందుకని రెండో ఆటో వాళ్ళకి. ఒక డౌట్, ఈ పేర్లన్నీ ఫోన్లో పెట్టి అందరికీ కనపడేటట్టు చెయ్యాలంటే ఎట్టా?

సెకండియర్_బ్యాచ్:

ఈజీ అన్నా. కయ్యలో నిలబడి గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోట వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడుద్ది, సేవ్ కొట్టి కొత్త లిస్టు ఒకటి పెట్టుకో, పేరు అందులో రాయి, లిస్టు షేర్ చేస్తే లింక్ ఉన్నోళ్ళందరికీ కనపడుద్ది. పేరు చెప్పేటప్పుడు తాత గొంతు కూడా రికార్డ్ చెయ్యి, స్పెల్లింగ్ తర్వాత చూసుకోవచ్చు. గట్టు మీద సిగ్నల్ ఉండదేమో, ముందురోజే ఆ ఏరియా ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకో.

కనిగిరి_బేల్దారి:

ఆటోలో ఎక్కడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు వేసుకోని పో అన్నా, మోకాళ్ళు.